మా ఇంట్లో డ్యూటీలో చేరిన కెరీర్ బ్రేక్ గారికి

గౌరవనీయులైన కెరీర్ బ్రేక్ గారికి,
కేరాఫ్ మా ఆయన, హాల్లో సోఫా, కిటికీ వైపు కొస, నిజాంపేట, హైదరాబాద్.

నమస్కరించి వ్రాయునది.

విషయం: తమరు మా ఇంట్లో చేరినప్పటి నుంచి మిగతా కుటుంబ సభ్యులకు విశ్రాంతి కరువైన సంగతి మనవి చేయుట గురించి.

సూచిక: మా ఆయన మౌఖిక ప్రకటన, దసరా నాడు, పాయసం వడ్డిస్తుండగా.

ఒకే ఇంట్లో ఉంటూ ఈ ఉత్తరాలేంటని అనుకోకండి. మీతో విడిగా మాట్లాడదామంటే కుదరడం లేదు, మీరూ ఆయనా ఎప్పుడూ కలిసే ఉంటారు. ఆయన ఎదురుగా మిమ్మల్ని ఒక్క మాటంటే చాలు, “నేను ఇంట్లో ఉంటే నీకు కష్టంగా ఉందా?” అంటారు. కాబట్టి నాకు చేతనైన పద్ధతిలో అర్జీ పెట్టుకుంటున్నాను. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. నాకు తెలిసిన సెలవులన్నీ కాగితం మీద పుట్టి కాగితం మీదే పోతాయి.

మా సంగతి చెప్తాను వినండి. ఏడాదికి 15 సీఎల్స్ (క్యాజువల్ లీవ్స్). వేసవి సెలవులు ఇస్తారు కనుక మాది వెకేషన్ డిపార్ట్‌మెంట్, అందుకని ఈఎల్స్ (ఎర్న్‌డ్ లీవ్స్) ఏడాదికి 6 మాత్రమే. పిల్లల కోసం తీసుకునే చైల్డ్ కేర్ లీవ్ తెలంగాణలో సర్వీసు మొత్తానికి 90 రోజులు, అదీ విడతకు 15 రోజులు దాటకుండా. ఆమధ్య మా పాపకు డెంగీ వచ్చినప్పుడు అలా ఒక విడత వాడుకున్నాను. దరఖాస్తు, దానికి పాప పుట్టినతేదీ సర్టిఫికెట్, డాక్టరు చీటీ, వీటన్నిటి మీదా హెచ్చెమ్ గారి నిట్టూర్పు. “టెన్త్ సిలబస్ ఎవరు పూర్తి చేస్తారమ్మా?” తిరిగొచ్చాక జాయినింగ్ రిపోర్టు, సర్వీసు రిజిస్టర్లో ఎంట్రీ. ఆ పదిహేను రోజులూ నేను ఇంట్లో ఉన్నానని తెలిసి మా అత్తమ్మ ఖమ్మం నుంచి ఇద్దరు చుట్టాలను పిలిపించుకున్నారు. “కోడలు ఇంట్లోనే ఉందిగా, రండి.” ప్లేట్‌లెట్స్ లెక్క చూసుకుంటూ పూరీలు ఒత్తాను.

మరి తమరో? అర్జీ లేదు, శాంక్షన్ లేదు, ఎప్పటివరకో తేదీ లేదు. పాయసం గిన్నె నా చేతిలో ఉండగా, “రిజైన్ చేశాను, ఒక ఆరు నెలలు బ్రేక్” అన్నారాయన. అంతే, మర్నాటి నుంచి తమరు కొత్తల్లుడి హోదాలో హాల్లో దిగిపోయారు. ఈ కొత్తల్లుడు పండగ అయిపోయినా ఊరెళ్లడం లేదన్నదే తేడా.

పైగా మీకు బయట ఎంత మర్యాదండీ! లింక్డ్‌ఇన్ వాళ్లు 2022లోనే ప్రొఫైల్‌లో మీకోసం ప్రత్యేకంగా చోటు పెట్టారట. ఆయన మిమ్మల్ని అక్కడ ప్రకటించిన రాత్రి ఫోన్ మోగుతూనే ఉంది. “నీ ధైర్యానికి సలాం బ్రో”, “ఇన్‌స్పైరింగ్”, ఇంకా చప్పట్ల బొమ్మలు. ఆ సలాములు పెట్టినవాళ్లలో ఒక్కడూ మా ఇంటి ఈఎంఐ ఎంతని అడగలేదు. నా డెంగీ సెలవుకు ఎవరైనా చప్పట్లు కొట్టారేమో గుర్తు చేసుకుందామని చూశాను. దోమలు కొట్టబోయి పాప కొట్టింది, అంతే.

అత్తమ్మ దగ్గర మాత్రం తమరి పప్పులు ఉడకలేదు. కొడుకు ఉద్యోగం మానేశాడంటే ఆవిడకు అర్థమయ్యే కారణాలు మూడే: ఆరోగ్యం, అప్పులు, గ్రహాలు. మొదటి రెండూ కావని నమ్మకం కుదిరాక పంతులుగారి దగ్గరికి వెళ్లి ఏలినాటి శని అని తేల్చుకొచ్చారు. ఇప్పుడు శనివారం శనివారం ఆయన చేత శనికి తైలాభిషేకం చేయిస్తున్నారు. మీరేమో ఆరు నెలలంటున్నారు, శని ఏడున్నరేళ్లంటున్నాడు. ఇద్దరిలో మాట మీద నిలబడేది ఎవరో మీరే చెప్పండి.

చుట్టాలకు మాత్రం మీ పేరు పొక్కనివ్వలేదు. అందరికీ “వర్క్ ఫ్రమ్ హోమ్” అనే చెప్పమని ఆవిడ ఆర్డర్. మొన్న మా ఆయన పెదనాన్నగారు చెప్పకుండా వచ్చారు. లిఫ్ట్ తలుపు చప్పుడయ్యేసరికి ఆయన లాప్‌టాప్ తెరిచి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కనుబొమలు ముడిచి కూర్చున్నారు. తెర మీద పాత వన్డే మ్యాచ్. పెదనాన్నగారు టీ తాగినంతసేపూ మేమంతా గుసగుసలే, ఆయన మీటింగ్‌లో ఉన్నారని. ఎవరో ఔటయినట్టున్నారు, “అబ్బా” అన్నారీయన. “పాపం, ఎంత టెన్షన్రా నీ ఉద్యోగం” అన్నారు పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగినంత పనై. అత్తమ్మ అక్కడినుంచి లేచి వంటింట్లోకి వచ్చేశారు.

వంటింటి గురించి మీతో కాస్త వివరంగా మాట్లాడాలి.

మీరొచ్చాక ఆయనకు వంట మీద మనసు మళ్లింది. సంతోషమే. ఒక ఆదివారం గుత్తి వంకాయ చేస్తానన్నారు. లేతవి, గింజ పట్టనివి చూసి వంకాయలు తెచ్చింది నేను. నల్లబడకుండా ఉప్పునీళ్లలో వేసింది నేను. చింతపండు నానబెట్టి, పల్లీలూ ధనియాలూ ఎండుకొబ్బరీ నువ్వులూ విడివిడిగా వేయించి (కలిపి వేయిస్తే పల్లీ వేగేలోగా నువ్వులు మాడిపోతాయి) మిక్సీ పట్టింది కూడా నేనే. ఆయన ఆ ముద్దను వంకాయల్లో కూరి, మూకుట్లో పేర్చి, ఫోటో తీశారు. కుటుంబం గ్రూపులో పెట్టిన రెండో నిమిషంలో మా ఆడపడుచు “వదిన అదృష్టవంతురాలు” అని రాసింది. మూడు మిక్సీ జార్లు, స్టవ్ చుట్టూ ఒలికిన నూనె, ఎందుకు వాడారో ఇప్పటికీ తేలని అయిదో గరిటె ఆ ఫోటోలో పడలేదు. కూర బాగుంది, కాదనను.

అసలు నష్టం మామూలు రోజుల్లో జరుగుతుంది. మాది ఏడు గిన్నెల స్టీలు పోపుల డబ్బా, మా అమ్మ ఇచ్చింది. మధ్యలో ఆవాలు, చుట్టూ జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, పసుపు, తుంచిన ఎండుమిర్చి. కరెంటు పోయినా చెయ్యి దాని దారిన అది వెళ్లేది. ఆయన దాన్ని పరిశీలించి ఇందులో లాజిక్ లేదన్నారు. ఒకే సైజు గాజు సీసాలు ఆన్‌లైన్లో తెప్పించి, అన్నిటికీ లేబుళ్లు అంటించి, ఇంగ్లిష్ అక్షరాల వరుసలో అరలో పేర్చారు. అత్తమ్మకు ఇంగ్లిష్ చదవడం రాదు. పొద్దున ఆవిడ ఒక్కో సీసా మూత తీసి వాసన చూసుకుంటూ పోపు వేస్తున్నారు. నాకు చదవడం వచ్చుగానీ, ఏడున్నరకు నూనె కాగి పొగలొస్తుంటే ఆవాలు ‘ఎమ్’ దగ్గర ఉంటాయని తట్టదు. పోపుల డబ్బా ఏదంటే, అందులో ఇప్పుడు ఛార్జర్లూ కేబుళ్లూ ఉన్నాయి. గిన్నెకొకటి, చక్కగా చుట్టి.

దొరకనివి నాకే కాదు, సర్దిన ఆయనకూ దొరకవు. ఎనిమిదో తరగతికి శాతాలు చెబుతుంటే ఫోను వణుకుతుంది. పిల్లలకేమైనా అయిందేమోనని గుండె ఆగినంత పనై వరండాలోకి పరిగెత్తితే, “నువ్వులెక్కడ పెట్టావు?” అంటారు. నేనెక్కడ పెట్టానండీ!

శాతాలంటే గుర్తొచ్చింది. జాతీయ గణాంక కార్యాలయం వాళ్లు ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో అడిగి టైమ్ యూజ్ సర్వే అని చేస్తారు. జీతం లేని ఇంటిపనికి 2019లో, ఆ పని చేసినవాళ్ల వరకే లెక్కేస్తే, ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెట్టారు. 2024కి అవి 289, 88 అయ్యాయి. అంటే అయిదేళ్లలో మాకు పది నిమిషాలు మిగిలాయి, వాళ్లకు తొమ్మిది. నిమిషాల్లో దాదాపు సమానంగా కనిపిస్తుందిగానీ శాతాల్లో చూడండి, మాది మూడు చిల్లర, వాళ్లది తొమ్మిది దాటింది. పాఠంలో ఉదాహరణగా చెబుదామనుకున్నాను. మళ్లీ ఎందుకులే, ఇంటికెళ్లి అడుగుతారని ఆగాను. దేశం మొత్తం మీద నాకు మిగిలిన ఆ పది నిమిషాలూ ఎటు పోతున్నాయో మాత్రం తెలుసు. ఆవాలు వెతకడానికి.

మా ఇంట్లో పనిచేసే అక్క అయితే మీ దెబ్బకు టైమే మార్చుకుంది. ఆమె గదులు తుడుస్తుంటే ఆయన సోఫా మీద కాళ్లు పైకెత్తుకుని, మాపును ఎనిమిది అంకెలా తిప్పితే తక్కువ శ్రమ అని వీడియో చూపించారట. “సారు ఉండగా నేను రాను మేడం, నాకు సిగ్గు” అంది. ఇప్పుడు నేను బస్సెక్కే లోపు, ఆరింటికే వచ్చి వెళ్లిపోతోంది. అంటే ఇల్లంతా అయిదున్నరకే లేవాలి, ఆయన తప్ప. బ్రేక్‌లో నిద్ర ముఖ్యమట.

అపార్ట్‌మెంట్ వాళ్లకు మాత్రం మీ రాక పెద్ద వరం. పై అంతస్తుల పార్సిళ్లన్నీ మా షూ ర్యాక్ మీదే దిగుతున్నాయి, “సార్ ఇంట్లోనే ఉంటారుగా” అని. వాటర్ ట్యాంకర్ల లెక్క చూడమని అసోసియేషన్‌ వాళ్లు ఆయన్ని ట్రెజరర్ చేశారు. ఏ మీటింగులు భరించలేకనైతే ఉద్యోగం వదిలారో ఆ మీటింగులే ఇప్పుడు సెల్లార్‌లో, ప్లాస్టిక్ కుర్చీల మీద, జీతం లేకుండా నడుస్తున్నాయి.

జీతం ప్రస్తావన తేకూడదనే అనుకున్నాను. కానీ తమరు వస్తూ వస్తూ ఆయన ఆఫీసు వాళ్లిచ్చిన ఆరోగ్య బీమాను వెనక గుమ్మంలోంచి పంపేశారు. అత్తమ్మ పేరు అందులోనే ఉండేది. కొత్త పాలసీకి వెళితే ఆవిడ షుగర్‌కూ బీపీకీ వెయిటింగ్ పీరియడ్, అంటే వాటికి క్లెయిమ్ ఇవ్వని కాలం, ఉంటుందన్నారు. 2024లో దాని గరిష్ఠ పరిమితిని 48 నెలల నుంచి 36కి తగ్గించారు, అదే పదివేలట. ఈ మూడేళ్లూ కాస్త ఓపిక పట్టమని షుగర్‌కు ఎవరు చెబుతారు? శని చెబుతాడేమో. ఈఎంఐ ఇప్పుడు నా జీతంలోంచి పోతోంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కాబట్టి పటాన్‌చెరు దాటి అవతలున్న మా బడికి జీరో టికెట్ మీద వెళ్లొస్తున్నాను. కండక్టరు చేతిలోంచి ఆ సున్నా టికెట్ తీసుకునేటప్పుడల్లా మా ఇంటి బడ్జెట్‌లో ఆదా అనే మాటకు ఇంకా చోటుందని ధైర్యంగా ఉంటుంది.

ఇవన్నీ చదివి మిమ్మల్ని వెళ్లగొట్టమంటున్నానని అనుకునేరు. లేదండీ. పన్నెండేళ్లుగా అమెరికా వాళ్లకు పొద్దు పొడిచే వేళకు ఈయన కాల్స్ మొదలయ్యేవి. భోజనం పళ్లెం పక్కన లాప్‌టాప్, మ్యూట్ తీస్తే ఒక గొంతు, వేస్తే ఇంకో గొంతు. మాతో మాట్లాడే గొంతు ఎప్పుడూ రెండోదే, అది చిరాకుది. ఇప్పుడు ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు. మా పాపకు లెక్కలంటే భయమని, అదీ నేనే తల్లినీ లెక్కల టీచర్నీ కావడం వల్లేనని కనిపెట్టింది ఆయనే. నాకు తెలియకుండా దానికి త్రికోణమితి చెబుతున్నారు, సాయంత్రం నేను వచ్చేలోపు పుస్తకాలు మూసేస్తారు. బాబుకు ఈత వచ్చింది. రాత్రి పదింటికి హాల్లో లైటు ఆరిపోతోంది. ఇవి మీరు పెట్టిన భిక్షే, నేనెందుకు కాదంటాను?

నా గోడల్లా ఒకటే. మీరు ఆయన ఒక్కరి పేరు మీద శాంక్షన్ అయ్యారు, మీ ఖర్చు మాత్రం మా అందరి ఖాతాలో రాస్తున్నారు. ఆయన ఒక మనిషి విశ్రాంతి తీసుకోవడానికి అత్తమ్మ వాసన చూసి పోపు వేయాలి, పనిచేసే అక్క చీకట్లో రావాలి, నేను ఫేస్ రికగ్నిషన్ హాజరు టైముకు మొహం చూపించడానికి పరిగెత్తాలి. అలసిపోయిన మొహాన్ని ఆ యాప్ ఒక్కోసారి నేను కాదంటోంది.

కావున నా విన్నపం ఇది. తెలంగాణలో టీచర్లకు స్పౌజ్ బదిలీలంటే ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. 2021లో టీచర్లను కొత్త జిల్లాలకు పంచిన జీవో 317 వచ్చాక భార్యొక జిల్లాలో, భర్తొక జిల్లాలో పడి, ఒక చోటికి చేర్చండి మహాప్రభో అని ధర్నాలు చేసిన వాళ్లలో నా స్నేహితురాళ్లూ ఉన్నారు. మా ఇంటి కేసు ఇంకా చిన్నది. మమ్మల్నెవర్నీ కదపక్కర్లేదు, తమరినే ఆయన దగ్గర నుంచి నాకు స్పౌజ్ కేటగిరీ కింద బదిలీ చేయించుకోగోరుతున్నాను. ఆరు నెలలు అక్కర్లేదు, వచ్చే వేసవి సెలవుల తర్వాత ఒక్క నెల ఇప్పించండి. నా హాఫ్ పే లీవ్స్ కొన్ని నిల్వ ఉన్నాయి, నిబంధనల ప్రకారం దరఖాస్తు పెడతాను. ఆ నెల కిటికీ వైపు కొస నాది. నువ్వులెక్కడని ఫోన్ చేసి అడుగుతాను, ఆయన ఏ పనిలో ఉన్నా ఎత్తాలి.

ఈ దరఖాస్తు ఆన్‌లైన్లోనే అప్‌లోడ్ చేయాలంటే మొహమాటపడకుండా చెప్పండి. ఆయన ఇంట్లోనే ఉన్నారుగా, చేసి పెడతారు.

ఇట్లు,
తమ విధేయురాలు,
స్కూల్ అసిస్టెంట్ (గణితం)