రెండు రూపాయల స్క్రూ, మూడు పగిలిన బిళ్ళలు

నాకు తెలిసిన లేత్ పిచ్చోళ్ళందరూ, అంటే కర్రను మిషన్ మీద తిప్పుతూ చెక్కేవాళ్ళు, ఇప్పుడు కార్బైడ్ ఉలి సొంతంగా చేసుకుంటున్నారు. మంచిదే. ఒక స్టీలు కడ్డీ, దాని చివర స్టీలు కంటే బాగా గట్టిదైన గుండ్రటి కార్బైడ్ బిళ్ళ, మధ్యలో స్క్రూ. సానబెట్టే పని లేదు, అంచు మొద్దుబారితే బిళ్ళను కాస్త తిప్పుకుంటే చాలు. కడ్డీ గురించి గంటసేపు మాట్లాడతారు. స్క్రూ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో ఎం4 (నాలుగు మిల్లీమీటర్లది) వేశాలే" అంటారు. ఆ 'ఏదో' మీదే నా కోపం.

నేనూ ఆ బాపతే మరి. బెంగళూరులో మా బాల్కనీలో చిన్న లేత్ ఉంది. మొదటి బిళ్ళ చింత మొద్దు మీద పగిలింది. చింతకర్ర మొండిది కదా అని సర్దుకున్నా. రెండోది లేత్ ఆన్ చేయకముందే, అలెన్ కీతో బిగిస్తుంటే 'టిక్'మంది. నాసిరకం సరుకని ఆన్‌లైన్‌లో అమ్మినవాడికి ఒక స్టార్ రివ్యూ రాసి పడేశా. మూడోది కూడా అలాగే పోయాక భూతద్దం తీశా.

కార్బైడ్ నొక్కుడు ఎంతైనా ఓర్చుకుంటుంది. లోపలి నుంచి విడదీయబోతే మాత్రం గాజులా పగులుతుంది. కౌంటర్‌సంక్ స్క్రూ, అంటే తల పైకి పొడుచుకు రాకుండా రంధ్రంలోకి దిగి కూర్చునే రకం, చేసేది ఆ రెండో పనే. ఏటవాలు తల రంధ్రంలోకి దిగేకొద్దీ, పలకను చీల్చే మేకులా చుట్టూ బయటికి తోస్తుంది. తల కోణం, రంధ్రం కోణం ఒకటైతే ఆ తోపు అంతటా పరుచుకుంటుంది. తేడా ఉంటే మొత్తం ఒక సన్నటి గీత మీద పడుతుంది. మామూలు మెట్రిక్ కౌంటర్‌సంక్ తల 90 డిగ్రీలు. అమెరికా అంగుళాల స్క్రూలది 82. ఇనుము కోసే కార్బైడ్ బిళ్ళల (ఇన్సర్ట్‌ల) కోసం చేసే టోర్క్స్ (తలలో నక్షత్రం గుంట ఉండే) స్క్రూల్లో చాలావాటిది 60. నా బిళ్ళ రంధ్రం 60ది, నేను దూర్చింది 90ది! ఇక పగలకేం చేస్తుంది?

కొలిచే పరికరం ఏమీ అక్కర్లేదు. స్క్రూ తలకు మార్కర్ పూసి, బిళ్ళలో పెట్టి వేలితో తిప్పి తీయండి. రంగు వెడల్పుగా చెరిగితే సరిపోయినట్టే. దారంలా ఒక్క చుట్టు మాత్రమే చెరిగితే ఆ స్క్రూ పక్కన పెట్టేయండి.

"12.9 గ్రేడ్ వెయ్ బాస్, స్టెయిన్‌లెస్ వీక్" అని, అంటే బాగా గట్టి స్టీలు స్క్రూ వాడమని, సలహా ఇచ్చే మహానుభావులు వేరే ఉంటారు. కర్ర తిరుగుతూ కిందికి వస్తుంది, బిళ్ళను కడ్డీ మీదికే నొక్కుతుంది. దెబ్బ కాచుకునేది కడ్డీ మీద బిళ్ళ కూర్చునే గద్దె, స్క్రూ దాన్ని కదలకుండా పట్టుకుంటుంది, అంతే. కాబట్టి గ్రేడ్ గురించి కొట్టుకునే టైములో ఆ గద్దెను ఆకురాయితో చదునుగా రుద్దుకోండి. గ్రైండర్‌తో వదిలేస్తే మధ్యలో ఉబ్బు మిగిలి బిళ్ళ ఊగుతుంది. కడ్డీలో మరలు కోసే ఎం4 ట్యాప్‌కి ముందు రంధ్రం 3.3 మిల్లీమీటర్ల బిట్టుతోనే వేయండి. 3.5తో వేస్తే మరలు లోతుగా పడవు. రంధ్రం నిటారుగా లేకపోతే తల ఒక పక్కే ఒరుగుతుంది, మళ్ళీ 'టిక్'. ఇంకోటి, స్టెయిన్‌లెస్ కడ్డీలో స్టెయిన్‌లెస్ స్క్రూ వద్దు. ఒక్కోసారి పట్టేస్తుంది, ఇక ఊడదు.

కొనడానికి మా ఊరి హార్డ్‌వేర్ బజారు ఎస్పీ రోడ్డుకి వెళ్ళా. ఆర్సీబీ ఊళ్ళో గొంతెత్తి "సీఎస్‌కే" అని అడిగినా ఎవరూ గుర్రుమనని చోటు అదొక్కటే, కౌంటర్‌సంక్‌కి కొట్లలో పేరు అదే మరి. ఈసారి సైజు చెప్పలేదు, బిళ్ళ తీసి కౌంటర్ మీద పెట్టా. కొట్లో మదనపల్లె కుర్రాడు మూడు డబ్బాలు తెరిచి, ఒక్కో స్క్రూ దూర్చి చూసి, "ఇది కూర్చుందన్నా" అన్నాడు. నక్షత్రం తల, టీ15. అలెన్ కంటే ఇదే నయం, కీ జారదు. కాకపోతే గుంటలో పొట్టు ఇరుక్కుంటుంది, సూదితో గీకాలి.

నాలుగో బిళ్ళ రెండు నెలలుగా చెక్కుచెదరలేదు. ఆ రివ్యూ ఇవాళే మార్చా. ఐదు కాదు, నాలుగు స్టార్లే. స్క్రూ కూడా వాడే పంపొచ్చుగా!