కాగితాలు లాక్కుంటే అది రాజీయా?

ఆపరేషన్ వికటించిన ఒక గృహిణి కుటుంబానికీ, ఆ ఆపరేషన్ చేసిన ప్రైవేటు ఆసుపత్రికీ మధ్య గత వారం మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు పట్టణాల్లో ఒకచోట కుదిరిన రాజీ సంగతి పాఠకులకు తెలిసిందే. బిల్లు సొమ్ము తిరిగి ఇచ్చారు, దారి ఖర్చుల కింద మరికొంత చేతిలో పెట్టారు, స్టాంపు కాగితం మీద సంతకాలు చేయించారు. ఆ సొమ్ము చాలునా చాలదా అన్నది ఆ కుటుంబం తేల్చుకోవలసిన విషయం, అందులో మేము తలదూర్చము. మాకు ఆగ్రహం కలిగించింది స్టాంపు కాగితంలోని చివరి షరతు. రోగి దగ్గరున్న స్కానింగులు, రక్తపరీక్షల రిపోర్టులు, మందుల చీటీలు, రసీదులు అన్నీ ఆసుపత్రికి అప్పగించాలి, నకళ్ళు ఉంచుకోరాదు. అప్పగించారు కూడా. బట్టల కొట్టు సంచీలో పెట్టుకుని నాలుగు నెలలుగా మోసుకు తిరిగిన కాగితాలను ఆమె భర్త బల్ల మీద పెట్టగా, ఆసుపత్రి మేనేజరు ఒక్కొక్కటీ లెక్కపెట్టి తీసుకున్నారని, మధ్యవర్తులుగా కూర్చున్న పెద్దమనుషులు టీ తాగుతూ చూస్తూ ఉండిపోయారని మా విలేకరి రాశారు.

పిత్తాశయంలో రాళ్ళకు చేసే లాప్రోస్కోపీ ఆపరేషన్ ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ నిత్యం జరిగేదే. పొట్ట మీద మూడు నాలుగు చిన్న గాట్లు, రెండు మూడు రోజుల్లో ఇంటికి ప్రయాణం. అయితే పిత్తాశయం గొట్టానికి క్లిప్పులు వేసి కత్తిరించే చోటనే కాలేయం నుంచి పేగుకు పోయే ప్రధాన పైత్యనాళం కూడా ఉంటుంది. అది పొరపాటున తెగడమో, క్లిప్పు దాని మీద పడడమో వెయ్యి ఆపరేషన్లలో మూడు నాలుగింటిలో, చేయి తిరిగిన సర్జన్ల దగ్గర కూడా జరుగుతుంది. జరిగినంత మాత్రాన దాన్ని నిర్లక్ష్యం అనలేము. జరిగిన దాన్ని గుర్తించకపోతే, గుర్తించి కూడా చెప్పకపోతే మాత్రం అనక తప్పదు. ఇంటికి వెళ్ళిన ఐదో రోజున పొట్ట ఉబ్బి, జ్వరం వచ్చి, కళ్ళు పచ్చబడి తిరిగి వచ్చిన ఆ మనిషికి గ్యాసు మాత్రలు రాసిచ్చి పంపారు. మళ్ళీ వస్తే నాలుగు పంక్తుల చీటీ చేతికిచ్చి విశాఖపట్నం తీసుకుపొమ్మన్నారు. అక్కడి సర్జన్ ముందుగా అడిగింది ఆపరేషన్ నోట్సు ఏదని. ఎన్ని క్లిప్పులు వేశారు, ఎక్కడ వేశారు, రక్తస్రావం ఎక్కువైందా, మధ్యలో పొట్ట తెరవవలసి వచ్చిందా అన్నవి మొదట ఆపరేషన్ చేసినవారు రాసి ఉంచితేనే సరిదిద్దబోయేవారికి తెలుస్తాయి. ఆ నోట్సు కుటుంబం దగ్గర లేదు. ఫోను చేస్తే డాక్టరుగారు ఊళ్ళో లేరన్నారు.

రోగి బంధువులు అద్దాలు పగలగొడతారని, ప్రతి చిక్కునూ నిర్లక్ష్యమంటే మారుమూల పట్టణాలకు సర్జన్లు రారని వైద్యులు చెప్పే మాటల్లో నిజం లేకపోలేదు. అందుకే సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో తీవ్రమైన నిర్లక్ష్యం ఉంటేనే డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలుస్తుందని, మరో వైద్యుడి నిష్పాక్షిక అభిప్రాయం తీసుకున్నాకనే పోలీసులు ముందుకు పోవాలని చెప్పింది. ఆ రక్షణ ఉండవలసిందే. కానీ ఆ నిష్పాక్షిక వైద్యుడు దేన్ని చూసి అభిప్రాయం చెబుతాడు? చికిత్స వివరాలన్నీ రాసి ఉంచే కేస్ షీటును చూసే కదా. తప్పు చేయని డాక్టరును కాపాడేదీ ఆ కాగితమే, తప్పు చేసిన డాక్టరును పట్టించేదీ ఆ కాగితమే. దాన్ని దాచిపెట్టే ఆసుపత్రి తనను తాను ఏ వరుసలో నిలబెట్టుకుంటున్నదో ఒకరు చెప్పనక్కరలేదు.

నియమం ఏమిటో తెలియక జరిగింది కూడా కాదు. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును మూడేళ్ళ పాటు భద్రపరచాలి, రోగి గానీ అతని తరఫువారు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ప్రతి మందుల చీటీ మీదా డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు మన ప్రాంతంలో మరీ అవసరం, ఎందుకంటే ఒడిశాలో వారం రోజులు, ఆంధ్రలో వారం రోజులు ఆపరేషన్లు చేసి పోయే సర్జన్ మీద ఫిర్యాదు ఏ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు పంపాలో అది లేకపోతే తేలదు. మన దగ్గర జరుగుతున్నది వేరు. కేస్ షీటు అడిగితే సోమవారం రమ్మంటారు, సోమవారం వెళితే రికార్డు గది తాళాలున్న మనిషి సెలవులో ఉంటాడు. ఇదే ఆసుపత్రి చేర్చుకునే రాత్రి ఆలస్యం చేయలేదు. అర్ధగంటలో ఐదారు చోట్ల వేలిముద్రలు వేయించుకున్నది. రోగి నుంచి కాగితం తీసుకోవడానికి ఉన్న తొందర రోగికి కాగితం ఇవ్వడానికి ఎందుకు లేదు?

ఆ వేలిముద్రలు వేయించుకున్న పత్రాలు ఇంగ్లీషులో ఉన్నాయి. చదివి వినిపించిన నర్సు ఒడియాలో రెండు ముక్కలు చెప్పింది. రోగికి వచ్చింది తెలుగు ఒక్కటే. రోగికి అర్థమయ్యేలా వివరించి తీసుకున్నదే సమ్మతి అవుతుందని, ఒక ప్రక్రియకు ఇచ్చిన సమ్మతిని మరొకదానికి వాడుకోరాదని సుప్రీంకోర్టు 2008లోనే స్పష్టం చేసింది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ కుటుంబ నియంత్రణ శిబిరంలో పదిమందికి పైగా మహిళలు మరణించిన తరువాత, 2016లో ఇచ్చిన తీర్పులోనూ ఆపరేషన్ వివరాలను చేయించుకునే మనిషికి తెలిసిన భాషలో చెప్పాలని ఆదేశించింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేసుకుంటూ, సవర గిరిజన పిల్లలకు వారి భాషలో చదువు చెప్పాలని సవర భాష నేర్చుకున్నారు. నూరేళ్ళు గడిచాక అదే గడ్డ మీద, కత్తి కింద పడుకోబోయే మనిషికి ఏం కోస్తున్నారో తెలుగులో చెప్పే ఓపిక లేదట. సవర తల్లి సంగతి ఇక అడగనే వద్దు.

మా ఆందోళన ఈ ఒక్క కుటుంబంతో ఆగదు. కాగితాలు వెనక్కిచ్చే షరతు ఒకసారి చెల్లిందంటే రేపటి నుంచి అది వాడుక అవుతుంది. గుణుపురంలోనైనా, రాయగడలోనైనా, బరంపురంలోనైనా రాజీకి కూర్చున్న ప్రతి చోటా ఆసుపత్రి వారు ముందుగా అడిగేది సంచీనే. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందకు వస్తాయని 1995లోనే తీర్పు వచ్చింది. 2019 చట్టం మరో మెట్టు ఎక్కి, ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేసుకునే వీలు కల్పించింది. విశాఖపట్నంలో ఆపరేషన్ వికటించినా పర్లాకిమిడి మనిషి పర్లాకిమిడిలోనే వినియోగదారుల కమిషన్ తలుపు తట్టవచ్చు. సరిహద్దు జిల్లాల వారికి ఇంతకంటే పనికివచ్చే మార్పు ఈ మధ్యకాలంలో రాలేదని మా అభిప్రాయం. గడువు రెండేళ్ళు. కానీ చేతిలో రసీదు ముక్క కూడా లేని మనిషి కమిషన్ ముందు ఏం చూపిస్తాడు? చట్టం ఇచ్చిన హక్కును నలుగురు మధ్యవర్తులు ఒక మధ్యాహ్నంలో మూట కట్టి అవతలి పక్షానికి అప్పగించారు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే సర్కారు ఆసుపత్రుల రోగులకు ఈ చట్టం అండ కూడా లేదు, ఆ అన్యాయం గురించి వేరే రాయవలసి ఉంది.

డబ్బు పుచ్చుకున్నాక కాగితాలతో పనేమిటని ఒక మధ్యవర్తి మా విలేకరిని ఎదురు ప్రశ్నించారట. పని ఉంది. పైత్యనాళం సరిచేసిన మనిషికి ఆ కుట్టిన చోట ఏళ్ళ తరువాత కూడా సన్నబడి మళ్ళీ కామెర్లు రావచ్చు. అప్పుడు చూసే డాక్టరుకు మొదటి స్కానింగు, మొదటి రక్తపరీక్షలు కావాలి. ఆమె జబ్బు చరిత్ర ఆమెది. అమ్ముకోవడానికి భర్తకు గానీ, కొనుక్కోవడానికి ఆసుపత్రికి గానీ హక్కు లేదు.

జిల్లా ముఖ్య వైద్యాధికారికి ఇంతవరకు ఫిర్యాదే అందలేదని కార్యాలయం వారు అంటున్నారు. పత్రికలో వచ్చిన వార్త చాలదా? ప్రైవేటు ఆసుపత్రులకు అనుమతి ఇచ్చేది, తనిఖీ చేసేది ప్రభుత్వ యంత్రాంగమే అయినప్పుడు, ఒక రిజిస్టరైన ఆసుపత్రి రోగి రికార్డులను స్టాంపు కాగితం రాయించి మరీ వెనక్కి తీసుకున్నదని తెలిశాక ఆ రికార్డు గదికి వెళ్ళి చూడడానికి ఫిర్యాదు దాకా ఆగనక్కరలేదు. మూడేళ్ళు భద్రపరచవలసిన కేస్ షీటు అక్కడ ఉన్నదో లేదో చూడడానికి పది నిమిషాలు పడుతుంది.

ఇక ఆ పెద్దమనుషుల సంగతి. పొలం గట్టు తగాదా తీర్చినట్టు తీర్చి, ఇద్దరినీ ఒప్పించామని వారు ఊళ్ళో చెప్పుకుంటున్నారు. మీ ఇంటి ఆడపిల్లకు ఆపరేషన్ జరిగి ఉంటే ఆమె రిపోర్టులు ఇలాగే లెక్కపెట్టి ఇచ్చి వచ్చేవారా? ఆ సంచీ ఏ బీరువాలో ఉందో మీకు తెలుసు. రేపు ఉదయమే వెళ్ళి, అందులోని ప్రతి కాగితాన్నీ, దానితోపాటు ఇంతవరకు ఇవ్వని ఆపరేషన్ నోట్సునూ తీసుకుని ఆమె ఇంటికి చేర్చండి. లెక్క తెలియకపోతే మేనేజరునే అడగండి, ఆయన ఒక్కొక్కటీ లెక్కపెట్టే తీసుకున్నారు.