కల్తీ లేని రేడియం కావలెను

పాలల్లో నీళ్ళు, కారంలో రంపపు పొట్టు అంటూ గొంతు చించుకునే మనం వందేళ్ల కిందటి అమెరికాను చూసి సిగ్గు తెచ్చుకోవాలి. అక్కడ తాగే నీళ్ళలో రేడియం తగ్గితే ఒప్పుకునేవాళ్ళు కాదు.

1898లో క్యూరీ దంపతులు కనిపెట్టిన రేడియం అనే రేడియోధార్మిక లోహం ఎవరూ వేడి చేయకపోయినా వెచ్చగా ఉండేది. దాని పరమాణువులు వాటంతటవే విచ్ఛిన్నమవుతూ ఆల్ఫా కణాలు విసరడమే కారణమని తేల్చడానికి శాస్త్రవేత్తలకు ఏళ్ళు పట్టింది. వ్యాపారులకు అంత తీరికెక్కడిది? అందులో శక్తి ఉంది, తాగితే మనకొస్తుంది, అంతే.

‘రివిగేటర్’ అని ఓ కుండ వచ్చింది. లోపలంతా రేడియం ఖనిజం పూత. రాత్రి నీళ్ళు పోస్తే తెల్లారేసరికి, రేడియం నుంచి పుట్టే రాడాన్ వాయువు కలిసిన తీర్థం సిద్ధం. ఇలాంటి పరికరాలకు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఓ ప్రమాణం పెట్టింది: లీటరు నీటికి రోజుకు 2 మైక్రోక్యూరీలకు (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) మించి రాడాన్ ఇస్తేనే ఆమోదం. తగ్గితే మోసం. పెరిగితే కొన్నవాడి అదృష్టం.

డాక్టరు చదువు లేని విలియం బెయిలీ ఇంకా నిజాయితీపరుడు. తన ‘రాడిథార్’ అనే టానిక్ సీసాల్లో అసలైన రేడియమే పోశాడు. పారిశ్రామికవేత్త ఎబెన్ బయర్స్ 1927 నుంచి దాదాపు 1,400 సీసాలు తాగాడు. శరీరం రేడియాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. దవడలో చాలా భాగం పోయింది, 1932లో మనిషీ పోయాడు. సీసం పూత వేసిన శవపేటికలో పెట్టారు. సరుకు మీద మాత్రం వంక పెట్టలేం. 1,600 ఏళ్ళకు గానీ రేడియం సగానికి తగ్గదు. ఇంత వారంటీ ఇప్పుడెవరిస్తున్నారు?

కొనే స్తోమత లేనివాళ్ళకు రేడియం ఉచితంగానే అందేది. న్యూజెర్సీలో గడియారాలకు రేడియం రంగుతో మెరిసే అంకెలు వేసే అమ్మాయిలు కుంచె మొనను పెదవులతో సన్నం చేసుకోవాలి, కంపెనీ నేర్పిన పద్ధతే అది. వాళ్ళ దవడలూ పోయాయి. వాళ్ళ కేసు 1928లో రాజీతో ముగిసింది, రాడిథార్ అమ్మకాలు సాగాయి. ఎంతైనా కూలి అమ్మాయి దవడా, కోటీశ్వరుడి దవడా ఒకటి కావు కదా.

ఫ్రాన్సు వాళ్ళది ఇంకో తెలివి. 1930లలో ‘థో-రేడియా’ ఫేస్ క్రీమ్‌కు డాక్టర్ ఆల్ఫ్రెడ్ క్యూరీ పేరు తగిలించారు. ఆయనకు మేరీ క్యూరీతో చుట్టరికం లేదు. ఇంటిపేరుంటే చాలని మనవాళ్ళకు విడమరిచి చెప్పాలా?

1931లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రాడిథార్ ప్రచారాన్ని ఆపించింది. బెయిలీ కుంగిపోలేదు. ఈసారి తాగేది కాదు, బల్ల మీద పెట్టుకునే రేడియోధార్మిక పేపర్ వెయిట్ అమ్మాడు.