పైన ఒక ‘ఫ’ ఉంది

మొన్న మంగళవారం నుంచి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో నా పేరు మార్కో పోలో. ఎందుకో చెప్తాను. కానీ ముందే ఒక మాట: తప్పు పూర్తిగా నాది కాదు. ముప్పాతిక నాది.

మాది చీరాల. మా ఊరివాళ్ళకు 1921 అంటే ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. ఇంగ్లీషు ప్రభుత్వం ఊరిని మునిసిపాలిటీ చేసి, 4,000 రూపాయల పన్నును 40,000కి పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్ళు వదిలేసి ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టి నెలల తరబడి అక్కడే ఉన్నారు. (ఇప్పుడు పన్ను పెరిగితే మేము స్టేటస్ పెట్టి పడుకుంటాం.) మా ముత్తాత ఆ పాకల్లో ఉన్నాడని ఇంట్లో చెప్పుకోవడమే గానీ కాగితం లేదు. అది వెతుకుదామని ఒక రికార్డుల ఆఫీసుకు వెళ్ళాను.

గెజిటెడ్ సంతకం, ఫొటోలు, ఆధార్ జిరాక్స్, చాలదన్నట్టు పొలం అడంగల్ కూడా... వదిలేయండి. మూడోసారి వెళ్తే లోపలికి రానిచ్చారు. “1921 కట్ట బైండింగుకు వెళ్ళిందండీ” అన్నాడు అక్కడి ఉద్యోగి.

“ఎప్పుడొస్తుంది?”

“నేను ఈ సీటుకొచ్చేసరికే వెళ్ళిపోయి ఉందండీ.”

నా మొహం చూసి జాలేసిందేమో, చీరాల వైపు పాత అర్జీల కట్ట ఒకటి తెచ్చి బల్ల మీద పడేశాడు. నేను మూడు సార్లు తుమ్మాను.

అంతా గొలుసుకట్టు రాత. చెయ్యెత్తితే మళ్ళీ దించనివ్వరన్నట్టు రాసుకుపోయాడు ఆ రాయసకాడు. నాలుగో కాగితంలో, ఒక్కసారిగా, మా ఇంటిపేరు! ‘మగ్గం’ అనే పదం కూడా. ఇంటి పన్ను ఎక్కువ వేశారని మొర. తలకట్టు దగ్గర అంకె: 1290.

ఆ అంకె చూసిన తర్వాతి పది నిమిషాలు నా జీవితంలో అత్యంత వేగంగా ఆలోచించిన పది నిమిషాలు. 1290! రుద్రమదేవి పోయింది 1289లో అని చందుపట్ల శాసనం. అంటే ఆ తల్లి వెళ్ళిన మరుసటి ఏడాదే మా తాత పన్ను తగ్గించమని అర్జీ పెట్టుకున్నాడు. పెట్టుకోడూ మరి? కొత్తగా ప్రతాపరుద్రుడు వచ్చాడు, కొత్త ప్రభుత్వం వస్తే అర్జీలు పెట్టుకోవడం మన రక్తంలోనే ఉంది. పైగా మా దగ్గరలోనే మోటుపల్లి రేవు. గణపతిదేవుడు వ్యాపారులకు అభయమిస్తూ శాసనం వేయించిన చోటు. ఇంచుమించు ఆ రోజుల్లోనే మార్కో పోలో అక్కడి గురించి రాస్తూ, ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని మురిసిపోయాడు. ఆ బట్ట నేసిందెవరు? కళ్ళ ముందు మా తాత కనిపించాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా పోలోగారు అంచు పట్టుకుని చూస్తున్నాడు. బేరం తెగలేదు. మా వంశంలో బేరం ఒకపట్టాన తెగదు.

కాకతీయులు కాగితం మీద రాశారా అని అనుమానం రాకపోలేదు. వచ్చింది. దాన్ని నేనే సర్దిచెప్పి పంపించాను. పాత చరిత్ర పోగుచేసిన ఇంగ్లీషు కాలపు మెకంజీ దొర కోసం, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఊరూరా తిరిగి పాతవన్నీ నకళ్ళు రాయించలేదా? ఇదీ నకలే అయ్యుంటుంది. కాగితం మూల ముద్ర మీద ఒక స్త్రీ తల కూడా ఉంది. చూశాను. రాణిగారే అనుకున్నాను. ఏ రాణిగారో అడగాలని తోచలేదు.

వరండాలోకి పరుగెత్తి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. నాలుగు నిమిషాలది. గొంతు రెండు చోట్ల వణికింది. ఎవరో ఇప్పుడు ఆ రెండు చోట్లనే కత్తిరించి రింగ్‌టోన్ చేసుకున్నారు.

తిరిగొచ్చేసరికి పక్క బల్ల దగ్గరి పెద్దాయన నా కాగితం మీదకు వంగి ఉన్నారు. రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యారట.

“ఏం బాబూ, అంత ఆనందం?”

చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది. పెన్సిల్ వెనకవైపుతో అంకెకు ముందున్న మరక మీద తట్టారు. “ఇది మరక కాదు నాయనా. పైన ఒక ‘ఫ’ ఉంది, చూశారా? ఫసలీ.”

ఫసలీ అంటే పంట లెక్క. అక్బరు కాలంలో శిస్తు వసూళ్ళ కోసం పుట్టింది. మన వైపు జూలై 1న మొదలవుతుంది. దానికి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. కలిపాను. 1880. ముద్ర మీద ఉన్నది విక్టోరియా మహారాణి.

ఒక దేశంలో ఒక ప్రభుత్వం ఇన్నేళ్ళుగా సంవత్సరాన్ని నేరుగా రాయకుండా జనం చేత కూడికలు చేయించడం ఏమిటండీ? “ఇప్పటికీ అంతేగా, అడంగల్ మీద వేసేది ఫసలీయే” అన్నారాయన. సంచిలోంచి నా అడంగల్ తీసి చూశాను. ఉంది. ఏడాదికోసారి తీసుకుంటాను, ఒక్కసారీ చదవలేదు.

వెంటనే గ్రూపులో దిద్దుబాటు పెడదామని ఫోన్ తీస్తే అప్పటికే మా పెద్దమావయ్య ఫొటో వచ్చి ఉంది. ఎనిమిదడుగుల ఫ్లెక్సీ. ‘క్రీ.శ. 1290 నుంచి చీరాలలో మన వంశం’. ఒక పక్క గుర్రం మీద రుద్రమదేవి, ఇంకో పక్క చేతులు కట్టుకుని మావయ్య. ఇంత మనిషి కరెంటు బిల్లు కట్టడానికి వారం తీసుకుంటాడు, ఫ్లెక్సీకి నలభై నిమిషాలు.

ఫోన్ చేసి విషయం చెప్పాను.

“డబ్బులు ఇచ్చేశాన్రా.”

“అది 1880 మావయ్యా.”

“కాగితం మీద ఎంతుంది?”

“1290 ఉంది. కానీ...”

“ఉందా లేదా?”

“ఉంది.”

“మరి నాకెందుకు ఫోన్ చేశావు?”

నిన్న ఊరెళ్ళి చూస్తే ఫ్లెక్సీ వీధి మొగలో కట్టే ఉంది. నా మాట మీద గౌరవంతో మావయ్య నిచ్చెన వేయించి, స్కెచ్ పెన్నుతో 1290 ముందు ఒక ‘ఫ’ రాయించాడట. రోడ్డు మీంచి కనిపించదు. ‘క్రీ.శ.’ మాత్రం అలాగే ఉంది.