గుర్తుపట్టింది ఎలాగన్నదే అసలు ప్రశ్న

నిద్రలో ఉన్నవాళ్లను లేపి, కాళ్లూచేతులూ కట్టేసి, మెడ మీద కత్తి పెట్టి బీరువా తాళాలు లాక్కున్న కేసులు ఏళ్ల తర్వాత హైకోర్టుకు అప్పీలుగా వస్తాయి. దోపిడీ జరిగిందా లేదా అన్నదానిపై అప్పటికి పెద్దగా పేచీ ఉండదు. గాయాలకు డాక్టర్ సర్టిఫికెట్ ఉంటుంది, పోయిన బంగారానికి లెక్క ఉంటుంది. చేసింది బోనులో నిలబడ్డ ఈ మనిషేనా అన్నదే తేలాలి. చాలా కేసుల్లో దానికి ఆధారం బాధితులు కింది కోర్టులో ఆ మనిషిని చూపించి చెప్పిన ఒక్క మాట. ఆ మాట వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మే చెప్పి ఉంటారు. అయినా అది తప్పు కావచ్చు. సాక్షి నిజాయతీపరురాలు కాబట్టి గుర్తింపు కూడా సరైనదేనన్న లెక్క మన దర్యాప్తులో, కొన్నిసార్లు తీర్పుల్లో కూడా, ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని వదిలించుకోవాలి.

ప్రాణభయం ముఖాన్ని మనసులో అచ్చు వేస్తుందని అందరం అనుకుంటాం. మనస్తత్వ శాస్త్రవేత్తల ప్రయోగాలు మరో సంగతి చెబుతున్నాయి. ఎదుటివాడి చేతిలో ఆయుధం ఉంటే చూపు దాని మీదే నిలిచిపోతుంది, ముఖం మీద నిలిచేది తక్కువ. దానికి తోడు చీకటి, ముఖానికి చుట్టిన గుడ్డ, పిల్లలకు ఏమవుతుందోనన్న టెన్షన్. అలా అరకొరగా మిగిలిన జ్ఞాపకంలోని ఖాళీలను తర్వాత విన్నవీ చూసినవీ వచ్చి పూడుస్తాయి. పూడ్చినట్టు మనకు తెలియను కూడా తెలియదు.

అమెరికాలోని నార్త్ కరోలినాలో 1984లో జరిగింది చూడండి. ఇంట్లో చొరబడి అత్యాచారం చేసిన వ్యక్తి ముఖాన్ని బాధితురాలు, ఒక కాలేజీ విద్యార్థిని, పట్టుబట్టి గుర్తుపెట్టుకుంది. బతికి బయటపడితే వాణ్ని పట్టించాలన్నది ఆమె పట్టుదల. పోలీసులు చూపిన ఫొటోల్లో ఒకటి ఎంచుకుంది. తర్వాత వరుసలో నిలబెట్టిన మనుషుల్లోనూ అతణ్నే చూపింది. ఫొటోల్లోనూ వరుసలోనూ రెండుచోట్లా కనిపించింది అతనొక్కడే, మిగతావాళ్లు వేరువేరు. ఎంపిక అయ్యాక, నువ్వు ఫొటోలో చూపింది కూడా ఇతన్నేనని పోలీసులు ఆమెకు చెప్పారు. ఇక సందేహానికి చోటెక్కడిది? 1987లో రెండో విచారణప్పుడు అసలు నేరస్థుణ్నే కోర్టులో ఆమె ఎదుట నిలబెడితే, ఇతన్ని ఎప్పుడూ చూడలేదంది. 1995లో డీఎన్ఏ పరీక్ష నిజం తేల్చేనాటికి నిర్దోషి పదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. ఆమె ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

మన న్యాయస్థానాలకు ఈ ప్రమాదం తెలియనిది కాదు. వకీల్ సింగ్ కేసులో 1981లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అది బిహార్‌లో జరిగిన బందిపోటు దొంగతనం. గుర్తింపు పరేడ్, అంటే నిందితుణ్ని మరికొందరి మధ్య నిలబెట్టి ఎవరో చూపమని సాక్షిని అడగడం, జరిగింది దాదాపు మూడున్నర నెలల తర్వాత. దొంగలు పొడుగా పొట్టా, తెలుపా నలుపా అన్నది సాక్షులు మొదట్లో ఎవరూ చెప్పలేదు. అలాంటప్పుడు ఒకే ఒక్క సాక్షి గుర్తుపట్టాడని శిక్ష వేయలేమని కోర్టు తేల్చింది. మొదటి వాంగ్మూలంలో పోలికలు లేకపోతే తర్వాతి గుర్తింపును సరిచూసుకోవడానికి ఏమీ ఉండదు కదా. ఎఫ్ఐఆర్‌లో ‘గుర్తుతెలియని వ్యక్తులు’ అని ఒక్క ముక్క రాసి వదిలేసిన కేసు అక్కడే సగం బలహీనపడుతుంది.

కాగితం మీద మనకున్న నిబంధనలు మంచివే. పరేడ్‌లో గుర్తుపట్టడం దర్యాప్తుకు తోడ్పాటు మాత్రమే, అసలు సాక్ష్యం కోర్టులో చెప్పేదే. ఆంధ్రప్రదేశ్ క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ ప్రకారం పరేడ్‌లో నిందితుడి పక్కన నిలబడేవాళ్లు వీలైనంతవరకు అదే వయసు, అదే ఎత్తు, అదే పోలికలవాళ్లయి ఉండాలి. వరుసలో ఎక్కడ నిలబడాలో నిందితుడే ఎంచుకోవచ్చు. సాక్షులు ముందుగా అతణ్ని చూడకూడదు. ఈ చివరి నిబంధన దగ్గరే వ్యవహారమంతా చెడుతోంది. అరెస్టయిన రోజే నిందితుల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే, టీవీలో పదేపదే కనిపిస్తే, నెల తర్వాత పరేడ్‌లో బాధితురాలు గుర్తుపట్టేది ఆ రాత్రి చూసిన ముఖాన్నా, ఫోన్‌లో చూసిన ముఖాన్నా? ఆమె కూడా చెప్పలేదు. పరేడ్‌కు ముందు నిందితుడు సాక్షుల కంటబడే అవకాశమే ఉండకూడదని 2022లో గిరీశన్ నాయర్ కేసులో సుప్రీంకోర్టు నొక్కి చెప్పింది. మీడియా సమావేశాల్లో నిందితుల ముఖాలకు ముసుగు వేయడం మర్యాద కోసం కాదు, సాక్ష్యం చెడిపోకుండా కాపాడుకోవడానికి. పరేడ్ పూర్తయ్యేదాకా ఆ ముఖాలు ప్రచురించకుండా ఉండటం పత్రికల బాధ్యత, మాది కూడా.

అప్పీలు కోర్టు సాక్షి ముఖం చూడదు, గొంతు వినదు. రికార్డులో ఉన్నదే దానికి కనిపిస్తుంది. గుర్తుపట్టడానికి ఆమె ఎంతసేపు తీసుకుంది? ముందు వేరేవాళ్ల దగ్గర ఆగిందా? పరేడ్‌లోనే గట్టిగా చెప్పిందా, లేక కోర్టుకు వచ్చేసరికి నమ్మకం పెరిగిందా? రెండు పేజీల ప్రొసీడింగ్స్‌లో ఇవి దొరకవు. క్రిమినల్ కేసుల దర్యాప్తు, విచారణ ఎలా సాగాలో చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్ష సంహితలో, నిందితుల గుర్తింపుపై ఉన్న 54వ సెక్షన్‌లో, గుర్తుపట్టే వ్యక్తి దివ్యాంగులైతే ఆ ప్రక్రియను వీడియో తీయాలని ఇప్పటికే ఉంది. అందరు సాక్షులకూ అదే ఎందుకు వర్తించకూడదు? సోదాలు, స్వాధీనాలు వీడియో తీయాలని ఇదే చట్టం అడుగుతున్నప్పుడు, ఒక మనిషి జీవితాన్ని తేల్చే ఆ కొద్ది నిమిషాలకు కెమెరా లేకపోవడానికి కారణం మాకు కనిపించదు. సాక్షి మొదటి మాటలు ఆమె వాడిన పదాల్లోనే రాయాలి. ఎంత కచ్చితంగా చెప్పగలరో పరేడ్‌లోనే అడిగి నమోదు చేయాలి. ‘సరిగ్గా చూపించావమ్మా’ అన్న ఒక్క మెచ్చుకోలు కూడా సాక్షి నమ్మకాన్ని పెంచుతుందని, తాను బాగానే చూశానన్న భావన కలిగిస్తుందని పరిశోధనలు చూపాయి. కాబట్టి ఎంపికకు ముందూ తర్వాతా ఎవరూ ఏమీ అనకూడదు.

అలాగని ప్రత్యక్ష సాక్షులను పక్కన పెట్టమని మేం అనడం లేదు. మంచి వెలుతురులో, దగ్గరగా, చాలాసేపు చూసిన సాక్షి మాటకు విలువుంది. ముందే తెలిసిన మనిషైతే ఇంకా విలువుంది. దొరికిన నగ, తలుపు మీది వేలిముద్ర, సెల్ టవర్ సమాచారం తోడైతే కేసు నిలబడుతుంది. అవేవీ వెతక్కుండా బాధితురాలి వేలి మీదే భారమంతా మోపే దర్యాప్తు ఆమెకూ అన్యాయమే చేస్తోంది. అప్పీలులో నిందితుడు విడుదలైన రోజున, కోర్టు తనను అబద్ధాలకోరు అందని ఆమె కుమిలిపోతుంది. అలా అనలేదని, లోపం ఆమె వైపు లేదని, అది ఎక్కడ జరిగిందో చెప్పి తీర్పు కాపీ చేతికిచ్చి తెలుగులో వివరించే బాధ్యతను ప్రభుత్వం పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు అప్పగించాలి. విడుదల తీర్పు వచ్చిన ప్రతి ఇంటి దోపిడీ కేసులోనూ అసలు దొంగ కోసం దర్యాప్తు తిరిగి తెరవాలా వద్దా అన్నది పై అధికారి నిర్ణీత గడువులోగా రాతపూర్వకంగా తేల్చాలి.