మహారాజశ్రీ కషాయం గారికి, 30 మిల్లీలీటర్ల మూత దగ్గర్నుంచి

బ్రాడీపేట,
గుంటూరు.

మహారాజశ్రీ కషాయం గారి దివ్యసముఖమునకు, నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా మా పొయ్యి మీద, ఫ్లాస్కులో, పూజగది పక్కన రాగిచెంబులో, మా ఆయన స్కూటరు డిక్కీలో కూడా క్షేమంగానే ఉన్నారని నాకు తెలుసు. కడుపు ఆపరేషనయి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ, పదకొండు రోజులుగా చూస్తూనే ఉన్నాను.

ఉత్తరం ముక్కలు ముక్కలుగా ఉంటే ఏమనుకోకండి. పావుగంటకోసారి ఫోన్లో అలారం మోగుతుంది. మోగగానే కలం పక్కనపెట్టి, దగ్గుమందు సీసాతో వచ్చిన ప్లాస్టిక్ మూత అందుకోవాలి. మూతకి 30 మిల్లీలీటర్లు. దాన్ని కూడా గటుక్కున మింగకూడదు, మళ్లీ అలారం మోగేదాకా చుక్కచుక్కగా చప్పరించాలి. బ్యాంకులో క్యాష్ కౌంటర్లో కూర్చునేదాన్ని కదా, చెయ్యి ఊరుకోక లెక్క వేశాను. గంటకు నాలుగు మూతలు, అంటే 120 మిల్లీలీటర్లు. రోజుకి కనీసం లీటరున్నర లోపలికి పోవాలని డైటీషియన్ అమ్మాయి రాసిచ్చింది. 1500ని 120తో భాగిస్తే పన్నెండున్నర గంటలు. ఆడిట్ రోజుల్లో కూడా నేనింత డ్యూటీ చెయ్యలేదు. పొద్దున ఏడింటికి మూత తీస్తే, కౌంటరు మూత రాత్రి ఏడున్నరకి.

నాకు జరిగింది గ్యాస్ట్రిక్ బైపాస్. 118 కిలోల బరువు, 46 బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క), దానికి తోడు పదేళ్ల షుగరు. పొట్ట పైభాగంలో కోడిగుడ్డంత సంచీని విడదీసి, దాన్ని నేరుగా చిన్నపేగుకి కలిపి కుట్టారు. మిగతా పొట్ట ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. రిటైరైన హెడ్ క్లర్కు లాగా. తిండి దాని బల్ల మీదికి రాదు, అయినా ఊరుకోక కిందనుంచి జీర్ణరసాలు పంపిస్తూనే ఉంటుంది.

ఆ గుడ్డంత సంచీలోకి తమరు పావులీటరు స్టీలు గ్లాసులో వేంచేశారు. తగాదా అక్కడ మొదలైంది.

కాదు, ఇంకా ముందే మొదలైంది. బరువు తగ్గే ఆపరేషనని బయట చెప్పడానికి మా వాళ్లకి నోరు రాలేదు. "తిండి ఆపుకోలేక కడుపు కుట్టించుకుందంట" అంటారని భయం. అందుకని గాల్‌బ్లాడర్లో రాళ్లు అని చెప్పారు. రాళ్లన్న మాట చెవినపడగానే తెనాలి నుంచి మా చిన్నత్తయ్య కొండపిండాకు కట్టతో దిగింది. "అది కిడ్నీలో రాళ్లకంటారు కదా చిన్నత్తయ్యా" అన్నాను. "ఏ రాయైతే ఏందే? కొండనే పిండి చేసే ఆకు, నీ రాయొక లెక్కా?" అని కొంగు బిగించి వంటింట్లోకి వెళ్లింది. లేని రాళ్ల కోసం తమరు గంటసేపు మరిగారు. ఆ పూట తమర్ని పెరట్లో అరటిచెట్టు తాగింది. దానికీ రాళ్లు లేవు, ఏమీ కాలేదు.

మా అత్తయ్యది ఇంకో లెక్క. ఆడదాని కడుపు కోశారంటే ఆవిడ దృష్టిలో అది కాన్పు. నాకు నలభై నాలుగేళ్లు, మా వాడు ఇంజనీరింగ్ మూడో ఏడాది. అయినా నేను బాలింతనైపోయాను. చెవుల్లో దూది, తలకి మఫ్లరు, శొంఠీ మిరియాలూ పిప్పళ్లూ వామూ కలిపి కాచిన తమరు. "పచ్చి ఒళ్లమ్మా, నీళ్లు ఎక్కువ తాగమాక, పొట్ట ఉబ్బుద్ది. పప్పు జోలికి పోమాక, కుట్లు చీము పడతాయి." డైటీషియన్ కాగితంలో మొదటి వరస నీళ్లు. రెండో వరస ప్రొటీను, రోజుకి 60 గ్రాములు. మెత్తటి తిండి మొదలయ్యాక పప్పుకట్టుతోనే దారి. నీళ్లూ వద్దు, పప్పూ వద్దంటే ఆ కాగితంలో ఇక మిగిలింది ఆసుపత్రి ముద్ర ఒక్కటే.

తమరి గర్వానికి మూలం తమరి తయారీలోనే ఉంది. రెండు గ్లాసులు పోసి ఒక గ్లాసయ్యేదాకా మరిగించమంటారు పెద్దవాళ్లు. ఆయుర్వేదం పద్ధతైతే నాలుగో వంతుకో ఎనిమిదో వంతుకో దించాలి. చిక్కబడేకొద్దీ తమరికి పరువు. మా ఇంట్లో తమర్ని పరీక్షించే పద్ధతి ఒకటే: తాగినవాళ్ల మొహం వంకరపోవాలి. పోకపోతే ఇంకాసేపు పొయ్యి మీద ఉంచుతారు. ఇంటికొచ్చిన మొదటి రోజు నా ముందు పెట్టిన గ్లాసులో తమరు కాఫీ డికాషన్ కంటే నల్లగా ఉన్నారు. పైన మిరియాల పొట్టు తేలుతోంది. నూనెలాంటి తెట్టు మీద ట్యూబ్‌లైటు మెరుస్తోంది. నాలుగు గుక్కలు లోపలికి పోయాయో లేదో, రొమ్ము ఎముక వెనకాల ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టయింది. నోట్లో నురగ నురగగా ఉమ్మి. వచ్చింది వచ్చినట్టే వెనక్కి వెళ్లిపోయారు తమరు. "పనిచేస్తోంది, లోపల చెడంతా బయటికొస్తోంది" అంది అత్తయ్య. తప్పు నా వైపు కూడా ఉంది. మూత పక్కనే పెట్టుకుని గ్లాసెత్తాను. ఇరవై ఏళ్ల అలవాటు, చెయ్యి గ్లాసు దగ్గరికే పోతుంది.

అన్నట్టు, తమరు కొవ్వు కరిగిస్తారట కదా? ఆ కీర్తి నేనూ విన్నాను. పరగడుపున జీలకర్ర నీళ్లు, నిమ్మకాయ తేనె, మెంతులు, దాల్చినచెక్క, తమరి వంశంలో నేను కొలవని వాళ్లు లేరు. ఇన్నేళ్లలో తమరు కరిగించింది మా ఇంటి గ్యాసు బండల్ని. మొన్న మా మరిది పట్నంబజార్‌ నుంచి ఒక 'స్లిమ్మింగ్ టీ' తెచ్చాడు. పెట్టె మీద సన్నటి నడుం బొమ్మ. వెనకాల చీమతలంత అక్షరాల్లో సునాముఖి అని ఉంది. విరేచనాలకి వాడే ఆకు. బరువు తగ్గేది ఒంట్లో నీళ్లు పోవడం వల్ల, కొవ్వు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. పన్నెండున్నర గంటలు కూర్చుని మూతలతో లోపలికి జమ చేసుకున్నదాన్ని ఒక్క విత్‌డ్రాయల్లో ఖాళీ చేసే సరుకు. పెట్టె మరిదికే తిరిగిచ్చాను. ఆయనకి మలబద్ధకం ఉంది, మంచి జరిగింది.

చామంతి కథ కూడా తమరు వినాలి. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు కొడుకు వీడియో కాల్లో "అత్తా, కామమైల్ టీ తాగు, నిద్ర పడుతుంది" అన్నాడు. చామంతి జాతిదేనని వాడే విడమరిచి చెప్పాడు. సాయంత్రానికి మా ఆయన పూలకొట్టు నుంచి రెండు మూరల పసుపు చామంతి దండ తెచ్చి, "దారంతోనే వెయ్యాలా, విడదీసి వెయ్యాలా?" అని అడిగాడు. అత్తయ్య ఆ దండ లాక్కుని వెంకటేశ్వరస్వామి పటానికి వేసింది. ఆ రాత్రి స్వామికి నిద్ర బాగా పట్టి ఉంటుంది. నవ్వులాట పక్కన పెడితే, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతున్నవాళ్లు ఆ సీమచామంతి టీని సర్జన్ని అడక్కుండా ముట్టుకోకూడదు. నాకూ ఇంటికొచ్చాక కొన్నాళ్లు పొట్టకి ఆ ఇంజెక్షన్లు పొడిచారు. తియ్యగా ఉందని అతిమధురం వేరు వేస్తారే, అది ఎక్కువైతే బీపీ పెంచుతుంది. పుదీనాకి కూడా ప్రస్తుతం సెలవిచ్చాను. అన్నవాహిక అడుగున ఉండే బిగువుని అది సడలిస్తుంది, గుండెల్లో మంట పైకి తంతుంది. ఇవన్నీ తమరి బంధువులే. కబురు పెట్టి చెప్పండి.

ఇక తొమ్మిదో రోజు.

ఆ రోజు తమరు ఎందుకో మహా రుచిగా ఉన్నారు. మొహం వంకరపోలేదు. మూడు మూతలు వరసగా, అలారం ఊసెత్తకుండా తాగేశాను. ఇరవై నిమిషాలు కాకముందే గుండె దడదడా కొట్టుకుంది. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, కూర్చోలేను, పడుకోవాలి. కోడలికి దిష్టి కొట్టిందని అత్తయ్య నిశ్చయించేసింది. గుంటూరులో దిష్టి తియ్యడానికి సరుకు వెతుక్కోవాలా? గుప్పెడు ఎండు మిరపకాయలు నా చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, వస్తే దిష్టి లేనట్టు. అది ఆవిడ చిన్నప్పట్నుంచీ చెప్తున్న శాస్త్రమే.

ఘాటొచ్చింది. మామూలుగా కాదు. మా ఇంట్లోవాళ్లూ, పై వాటా వాళ్లూ, వీధిలో ఇస్త్రీ బండి ఆయనా దగ్గారు. నేనూ దగ్గాను. పొట్ట మీద ఐదు చోట్ల చిల్లులు పొడిచి చేసిన ఆపరేషనండీ అది, ఒక్కో దగ్గుకీ ఐదూ ఒక్కసారే లాగాయి. దిండు పొట్టకి అదుముకుని ఆవిడ వైపు చూశాను. దిష్టి లేదని ఆవిడ మిరపకాయలే సాక్ష్యం చెప్పేశాయి. మరి ఏమిటి? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కొంగుతో కళ్లొత్తుకుంటూ అత్తయ్య మెల్లగా అంది: "చిన్న బెల్లం ముక్కేనమ్మా. నిమ్మకాయంత. నువ్వు చేదు చప్పరిస్తుంటే చూడలేకపోయా."

చక్కెరైనా బెల్లమైనా తేనె అయినా ఈ కొత్త దారిలో ఆగకుండా గబుక్కున పేగులోకి జారిపోతుంది. పేగు ఒంట్లో నీళ్లని తనవైపు లాక్కుంటుంది. దాన్ని డంపింగ్ అంటారని ఆసుపత్రిలో ముందే చెప్పారు, నాకు చెప్పారు. అత్తయ్యకి ఎవరు చెప్పారు? కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆవిడని ఏమీ అనలేకపోయాను. తమర్ని మాత్రం అంటాను. ఒంట్లో బెల్లం దాచుకుని మందు వేషంలో వచ్చారు.

ఆ సాయంత్రం నుంచి వంటగది మా ఆయన చేతికి వచ్చింది. పాతికేళ్లు ఈ ఇంట్లో జలుబు చేసిన ప్రతివాడికీ తమర్ని కాచింది నేనే కాబట్టి, ఏ దినుసు ఎక్కడుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. "సోంపు ఎక్కడుంది?" "బోర్న్‌విటా డబ్బాలో." "వాము?" "హార్లిక్స్ డబ్బాలో." "మరి బోర్న్‌విటా?" "అది అయిపోయి ఆరేళ్లయింది." ఇలా మంచం మీద నుంచే బ్రాంచి నడిపాను. గ్లాసున్నర నీళ్లు కళపెళా మరగనిచ్చి పొయ్యి కట్టెయ్యమన్నాను. కట్టేసినాకే అరచెంచా సోంపు కచ్చాపచ్చాగా నలిపి, రూపాయి బిళ్లంత పల్చటి అల్లం ముక్క ఒకటి, కోటలోంచి మూడు తులసాకులు వెయ్యాలి. మూతపెట్టి ఐదు నిమిషాలు. "మరిగించొద్దా?" అని మూడుసార్లు అడిగాడు. వద్దన్నాను. టీ వడగట్టే జల్లెడ చాలదు, సోంపు నలక ఒక్కటి అడ్డంపడినా సంచీ గోల పెడుతుంది. పాత పంచె ముక్క ఉతికి, మడతపెట్టి వడగట్టాడు. గోరువెచ్చనయ్యాక మూతలో పోశాడు. లేత గడ్డి రంగు. వెలుతురుకి పెడితే మూత మీద 30 అన్న అంకె అవతల నుంచి కనిపించింది.

అత్తయ్య తొంగిచూసి "ఇది కషాయమా? చెంబు కడిగిన నీళ్లు!" అంది.

అదేనండీ నాకు కావాల్సింది. ఆపరేషనయ్యాక ఉత్త నీళ్లు రాయి మింగినట్టుంటున్నాయి. అవే నీళ్లు కాస్త వెచ్చగా, కాస్త సోంపు వాసనతో వస్తే దిగుతున్నాయి. అల్లం వికారాన్ని తగ్గిస్తుంది, కెఫీన్ లేదు. తమరి ఉపకారం అంతవరకే, అంతే చాలు. తమరిలో ప్రొటీను సున్నా. ఇంత చిన్న సంచీలో తమరు కాళ్లు చాపుకుంటే ఆ 60 గ్రాములు ఎక్కడ కూర్చోవాలి? ప్రొటీను కలిపిన మజ్జిగ తాగే వేళకి అరగంట అటూ ఇటూ తమరు గుమ్మం బయటే ఉండాలి. తమరి తమ్ముడు అసలు టీ సంగతి ఇప్పుడు ఎత్తను, బ్యాంకులో రోజుకి ఎనిమిది తాగేదాన్ని, ఏడుపొస్తుంది. ఎప్పుడో మళ్లీ అనుమతి దొరికినా ఐరన్ మాత్ర వేసుకునే వేళకి వాడు దగ్గర్లో ఉండకూడదట, ఐరన్ ఒంటికి పట్టనివ్వడట. ఆ మాత్రలు నాకు జీవితాంతం.

ఒక్క చిక్కు మిగిలింది. నేను కోలుకుంటే మంగళగిరి కొండ మీద పానకాలస్వామికి బిందెడు పానకం పోయిస్తానని అత్తయ్య మొక్కుకుంది. వచ్చే శనివారం ఆవిడా మా ఆయనా కొండెక్కుతారు. ఎంత పాత్రతో పోసినా స్వామి సగమే తాగి, మిగతా సగం భక్తులకి వదిలేస్తాడంటారు. చాలనుకున్న చోట గుటక ఆగిపోతుందట. ఎంత అదృష్టవంతుడండీ, నోటి దగ్గర బిందె పెట్టి "ఇంకొక్క గుక్క నాయనా" అనే అత్తగారు ఆయనకి లేదు. ఆ మిగిలిన సగం మా ఇంటికొస్తుంది. బెల్లం, మిరియాలు, యాలకులు. ప్రసాదం వద్దనడానికి నాకు నోరు రాదు, తాగడానికి సంచీ ఒప్పుకోదు. ఉంగరపు వేలి కొస ముంచి కళ్లకద్దుకుని, ఆ వేలు నాలిక్కి తాకించి గిన్నె మా ఆయనకి ఇచ్చేద్దామనుకుంటున్నాను. ఆయన బరువు 94.

అలారం మోగుతోంది. ఉంటాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి పాత ఖాతాదారు.

తా.క.: ఇప్పుడొచ్చిన మూతలో ఉన్నది సోంపు కాదు, వాము. హార్లిక్స్ డబ్బా అది. మా ఆయనకి చెప్పడం ఇది నాలుగోసారి.