చిత్తూరు సీమ ఊళ్ల పేర్లు: కథకు ముందు శాసనం, శాసనంతో పాటు చెరువు

తిరుపతి ఫ్లైఓవర్ పని గరుడ వారధి పేరుతో మొదలైంది. 2023లో అది శ్రీనివాస సేతుగా ప్రారంభమైంది. మళ్లీ గరుడ వారధి అనాలని 2024 నవంబరులో టీటీడీ పాలకమండలి తీర్మానించింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడూ ఇంతే, ముసాయిదాలో శ్రీబాలాజీ జిల్లాగా ఉన్నది చివరికి తిరుపతి జిల్లా అయింది. ఈ మార్పులన్నిటికీ కాగితం ఉంది, తేదీ ఉంది. పాత పేర్లకు ఉన్న ముఖ్య సాక్ష్యాలు రెండు: శాసనం, నేల. ఆ రెండూ చూడకుండా ప్రతి ఊరి పేరుకీ ఒక మహర్షినో దేవతనో తగిలించడం వల్ల మన ప్రాంతపు చరిత్ర మనకే అందకుండా పోతోంది.

ముందు చిత్తూరు జిల్లా ఎలా పుట్టిందో గుర్తు చేసుకోవాలి. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు వైపు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు వైపు తీసి కలిపారు. 1960లో తిరుత్తణి అటు మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. కాబట్టి తూర్పు, దక్షిణపు ఊళ్ల పేర్లను తమిళం పక్కన పెట్టుకుని చదవాలి. పడమటి పల్లెలకు తెలుగుతో పాటు కన్నడమూ కావాలి. ఒక్క భాషతో అన్నిటినీ విప్పబోతే సగం తప్పుతాయి.

చిత్తూరునే తీసుకోండి. తమిళంలో చిరు, ఊరు కలిస్తే చిట్రూర్, అంటే చిన్న ఊరు. చిట్రప్పన్ జనం నోట్లో చిత్తప్ప అయినట్టే చిట్రూర్ చిత్తూరైంది. దీనికి జోడీ తిరుపతి పక్కనే ఉంది. వకుళమాత గుడి ఉన్న పేరూరు అంటే పెద్ద ఊరు. కేరళ పాలక్కాడు జిల్లాలో ఒక చిత్తూరు, కోయంబత్తూరు దగ్గర ఒక పేరూరు ఉన్నాయి. ఒకే పేరు ఇన్ని చోట్ల కనిపిస్తే, అది ఏ ఒక్క ఊరి కథలోంచో పుట్టలేదని అర్థం.

ఎక్కువమంది జారిపడేది నీళ్ల పేర్ల దగ్గర. తెలుగులో ఏరు అంటే పారే నీరు. తమిళంలో ఏరి అంటే చెరువు. పలికితే రెండూ దగ్గరగా ఉంటాయి, ఇంగ్లిషు రికార్డుల్లోకి ఎక్కాక తేడా ఇంకా చెరిగిపోయింది. పలమనేరు, పీలేరు లాంటి పేర్ల చివర ‘ఏరు’ వినబడగానే నది ఒడ్డు ఊరని రాసేయకూడదు. ఊరి పైభాగాన పాత కట్ట ఉందా, తూము ఉందా, ఆయకట్టు ఎటు దిగుతుందో చూశాకే నిర్ణయించాలి. పెద్దతిప్పసముద్రం, రామసముద్రం కరువు సీమలో ఉన్నాయి. సముద్రం అంటే అక్కడ తవ్వించిన పెద్ద చెరువు. వాన తక్కువ పడే చోట చెరువుకిచ్చిన గౌరవం ఆ మాటలో కనిపిస్తుంది.

స్థలపురాణాన్ని తోసేయమని నేను అనడం లేదు. అది భక్తుల సొత్తు, గుడికి ప్రాణం. కానీ పేరు వయసు తేల్చేది శాసనం, పాత పద్యం. తిరుచానూరుకు శుకమహర్షి కథ ఉంది. తమిళ శాసనాల్లో మాత్రం తిరుచ్చోగినూర్ అని కనిపిస్తుంది. శ్రీకాళహస్తిలో శ్రీ సాలెపురుగు, కాళం పాము, హస్తి ఏనుగు అంటారు. తమిళ శైవ భక్తుల పాత పాటలైన తేవారంలో ఆ క్షేత్రం పేరు కాళత్తి. తిరు ముందు చేర్చి తిరుక్కాళత్తి అన్నారు. తిరుమలలో తిరు ఎలా గౌరవపదమో, మన శ్రీ కూడా అలాంటిదే. సాలెపురుగు కథ ఆ శ్రీ తర్వాతే అల్లుకుందని నా నిశ్చితాభిప్రాయం.

వాయల్పాడుకు వాల్మీకిపురం అని పేరు మార్చారు. తమిళంలో వయల్ అంటే వరిమడి, పాడు అంటే మన ఊరే. వాల్మీకి అనే మాట అరిగి వాయల్‌గా మారిందనడం కంటే ఇదే సబబుగా ఉంది. మార్పుతో పోయింది వరిమడి జాడ. ఏనుగు మల్లమ్మ కొండ మీద 1870లో కడప కలెక్టరు హార్స్‌లీ వేసవి బంగళా కట్టించుకున్నాక అది హార్స్‌లీ హిల్స్ అయింది. రోడ్ల పేర్లలోనూ ఈ తికమక ఉంది. తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డుకు విమానంతో సంబంధం లేదు, ఆల్ ఇండియా రేడియో పొడి అక్షరాలవి. అక్కడున్నది ఆకాశవాణి కేంద్రం. లీలామహల్ సర్కిల్‌కు సినిమా హాలు పేరే నిలిచింది.

పేరు విప్పేవాళ్లు బస్సు బోర్డు మీదిది కాకుండా ఊరి పెద్దవాళ్లు పలికే రూపం మొదట రాసుకోవాలి. తర్వాత శాసనపాఠం వెతకాలి. తిరుమల, తిరుపతి గుళ్ల శాసనాలు వెయ్యికి పైగా ఉన్నాయి, ఎక్కువభాగం తమిళమే, టీటీడీ వాటిని ఎప్పుడో అచ్చు వేసింది. ఆపైన పాత భూమి రికార్డులైన డైగ్లాట్, సాగు వివరాల అడంగల్, పొలం కొలతల ఎఫ్ఎంబీ పటాలు చూడాలి. చివరగా నేల మీదకు వెళ్లి బండ, గుంట, వంక, కనుమ ఎక్కడున్నాయో సరిచూడాలి. ఈ నాలుగింటిలో కనీసం మూడు కలవకపోతే ఆ అర్థాన్ని అచ్చుకెక్కించకూడదు.

ఇప్పుడు తొందర ఎందుకంటే, భూముల రీసర్వేలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వస్తున్నాయి. మిట్టచేను, వంకగడ్డ, ఫలానావారి కుంట అనే వాడుక పేర్లకు ఆ పటాల్లో గడి లేదు. ఒక్క గడి చేర్చి, సర్వేయర్ గట్టు మీద ఉండగానే రైతును అడిగి నింపిస్తే చాలు. అదనంగా అయ్యే ఖర్చు ఆ కాసేపు మాత్రమే.